ఏ పిల్లకు ఏ రంగు?

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాణ్ణి తెలుగువారు ఏనాడో సామెతకెక్కించారు. కుందేళ్ళు పెంచే ఇళ్ళలో ఆ మొండివాదానికి మరో రూపం వినవస్తుంది. తల్లి నలుపు, తండ్రి నలుపు. కాబట్టి పిల్లలన్నీ నల్లగానే పుట్టి తీరాలని ఇంటిల్లిపాదీ తీర్మానించుకుంటారు. నెల తిరిగేసరికి గూటిలో ఆరు పిల్లలు కనిపిస్తాయి. వాటిలో నాలుగు నలుపు, ఒకటి పొగమబ్బు రంగు, మరొకటి వేయించిన కాఫీ గింజ రంగు. ఇంటి యజమాని పక్కింటి మగ కుందేలును అనుమానిస్తాడు. ఇంటి పిల్లలు మాత్రం దేవుడిచ్చిన వింతగా భావించి మురిసిపోతారు.

నిజానికి అక్కడ వింతా లేదు, అనుమానించవలసిన అవసరమూ లేదు. ఆ రెండు నల్లని జీవాలు తమ తాతముత్తాతల రంగులను ఒంట్లో దాచుకొని తెచ్చాయి. రెండింటి వద్దా దాగి ఉన్నది ఒక్క పిల్లలో కలిసినప్పుడు అది బయటపడింది, అంతే.

పుట్టబోయే పిల్లల రంగును ముందుగా ఊహించడం కుందేళ్ళ పెంపకంలోని సరదాలలో మొదటిది. నూరేళ్ళకు పైగా అది ఒక శాస్త్రం కూడా. అయితే ఈ సరదాకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు తెలియనివారి ఇంట కొన్ని పిల్లలు పుట్టుకతోనే బాధను వెంట తెచ్చుకుంటాయి. కనుక రంగుల లెక్క తెలుసుకునేముందు ఆ పిల్లలు బ్రతికి బట్టకట్టే విధానాన్ని తెలుసుకోవడం మంచిది.

ముప్పయ్యొక్క రోజుల నిరీక్షణ

పెంపుడు కుందేళ్ళన్నిటికీ మూలపురుషుడు ఐరోపా ఖండపు అడవి కుందేలు. స్పెయిన్, పోర్చుగల్ దేశాలు, దక్షిణ ఫ్రాన్సు దాని పుట్టిల్లు. అది నేలలో బొరియలు తవ్వుకొని గుంపుగా జీవించే ప్రాణి. మన పొలాల గట్ల వెంట దూకిపోయే చెవులపిల్లి వేరే జాతి. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకొని ఆరుబయట పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకొని, చెవులు వినరాని స్థితిలో పుడతాయి. ఈ రెండు జాతుల మధ్య సంతానం కలగదు. పైగా మన చెవులపిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. పొలంలో ఒంటరిగా కనిపించిన పిల్లను జాలితో ఇంటికి తెచ్చుకోవడం చట్టరీత్యా నేరం. ఆ పిల్లకు మేలు చేసే పని కూడా కాదు.

ఆడ కుందేలుకు ఆవుకు వలె నిర్ణీతమైన ఎద కాలం ఉండదు. మగదానితో కలయిక జరిగిన తరువాతనే, సుమారు 10 నుంచి 12 గంటలలో, అండాలు విడుదలవుతాయి. అందువల్ల ఒక్క కలయిక చూలు కట్టడానికి చాలు. చూలు కాలం 30 నుంచి 32 రోజులు. అధికభాగం 31వ రోజున ఈనుతాయి. 28వ రోజునాటికి బోనులో ఒక పెట్టెను అమర్చాలి. తల్లి లోపల తిరగగలిగినంత వెడల్పు, పిల్లలు పొర్లి బయటపడనంత ఎత్తు గడప ఉండాలి. అడుగున శుభ్రమైన ఎండుగడ్డి పరచాలి. ఈనేముందు తల్లి తన రొమ్ము మీది, పొట్ట మీది బొచ్చును నోటితో పీకి ఆ గడ్డిలో మెత్తని పరుపు వేస్తుంది. చూలు లేకపోయినా కొన్ని కుందేళ్ళు కలయిక జరిగిన 17, 18 రోజులకు ఇలాగే బొచ్చు పీకుతాయి. అది ఉత్తుత్తి చూలు. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు.

ఈనడానికి ముందే మగ కుందేలును వేరు చేయాలి. ఈనిన రోజునే ఆడది మళ్ళీ చూలు కట్టగలదు. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోవడం వల్లనే సరదాకు తెచ్చుకున్న జంట ఏడాది తిరగకుండానే ఇంటివారిని బెంబేలెత్తిస్తుంది.

రోజుకు ఒక్కసారే పాలు

కొత్తగా కుందేళ్ళు పెంచేవారిని అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టే విషయం తల్లి ప్రవర్తన. ఈనిన తరువాత అది పిల్లలను పొదివి పట్టుకొని కూర్చోదు. గూటి వైపు చూడనట్టే దూరంగా మసలుతుంది. రోజుకు ఒక్కసారి, చాలావరకు రాత్రివేళ లేదా తెల్లవారుజామున గూటిలోకి దూకి, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి వెళ్ళిపోతుంది. దీనికి కారణం దాని పూర్వీకుల బొరియ జీవితం. తల్లి పదే పదే వచ్చిపోతుంటే నక్కలకూ ఇతర వేటజంతువులకూ గూడు జాడ తెలుస్తుంది. అందుకే అడవిలో తల్లి ఒక్కసారి వచ్చి పాలిచ్చి, బొరియ నోటిని మట్టితో కప్పి వెళ్తుంది. ఇంటి కుందేలు ఆ అలవాటును నేటికీ విడువలేదు.

ఆ కొద్ది నిమిషాలే చాలేటట్టు ప్రకృతి ఏర్పాటు చేసింది. కుందేలు పాలలో మాంసకృత్తులు సుమారు 12 శాతం, కొవ్వు కూడా దాదాపు అంతే. ఆవుపాలలో ఇవి ఒక్కొక్కటి 3, 4 శాతం మాత్రమే. తల్లి చనుమొనల నుంచి వెలువడే ఒక ప్రత్యేకమైన వాసన గుడ్డి పిల్లలను క్షణాలలో పాలవద్దకు చేరుస్తుంది. ఆ వాసన ఏ రసాయనానిదో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 2003లో కనిపెట్టారు. ఒక్క విడతలో పిల్ల తన బరువులో అయిదో వంతు దాకా పాలు తాగగలదు. మొదటి వారం గడిచేసరికి పుట్టిననాటి బరువు రెట్టింపవుతుంది.

ఈ సంగతి తెలియక తల్లి పిల్లలను వదిలేసిందని భావించి ఆవుపాలు పట్టేవారున్నారు. ఊపిరితిత్తులలోకి పాలు పోయి కొన్ని, కడుపు చెడి కొన్ని చనిపోతాయి. తల్లి పాలిచ్చిందో లేదో తెలుసుకోవడానికి తల్లిని కాపలా కాయనక్కరలేదు. పొద్దుటిపూట గూటిని చూస్తే చాలు. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా, చర్మం బిగువుగా ఉంటుంది. ఒళ్ళు వెచ్చగా తగులుతుంది. పాలు అందని పిల్ల చర్మం ముడతలు పడి, పొట్ట లోతుకు పోయి ఉంటుంది. వరుసగా రెండు రోజులు అన్ని పిల్లలూ ఇలాగే ఉంటే అప్పుడు పశువైద్యుని సలహా తీసుకోవాలి.

మనిషి చేయి తగిలితే తల్లి పిల్లలను చేరనివ్వదన్నది మరో అపోహ. యజమానికి అలవాటుపడిన కుందేలు ఆ చేతి వాసనను పట్టించుకోదు. ప్రతి ఉదయం చేతులు శుభ్రం చేసుకొని గూటిని పరీక్షించడం అవసరం కూడా. చనిపోయిన పిల్ల ఉంటే వెంటనే తీసివేయాలి. గూటి నుంచి జారిపడిన పిల్లను తల్లి నోట కరుచుకొని తిరిగి తేదు; ఆ పని పిల్లికి వచ్చు, కుందేలుకు రాదు. చలికి మొద్దుబారిన పిల్లను అరచేతుల మధ్య మెల్లగా వెచ్చబరచి గూటిలో పెట్టవలసినవాడు యజమానే.

చర్మం మీది తొలి రాత

ఉదయపు పరీక్షలోనే రంగుల ముచ్చట మొదలవుతుంది. పుట్టిన రోజున బొచ్చు లేకపోయినా చర్మంలో అప్పటికే వర్ణకం చేరి ఉంటుంది. నల్లని పిల్ల చర్మం పలక రంగులో నిగనిగలాడుతుంది. పొగమబ్బు రంగు, అంటే పెంపకందారులు నీలం అని పిలిచే రంగు పిల్ల అంతకన్నా వెలసిన బూడిదవర్ణంలో ఉంటుంది. తెల్లని పిల్లా, పసుపుపచ్చని పిల్లా మొదట్లో రెండూ గులాబీ రంగులోనే కనిపిస్తాయి. వాటిని విడదీయడానికి మూసిన కనురెప్పలను చూడాలి. రెప్ప కింద నల్లని చుక్క నీడలా తోస్తే ఆ కన్ను వర్ణకం గలది. నీడ లేక గులాబీగా ఉంటే అది ఎర్రకళ్ళ తెల్ల కుందేలు. మచ్చల పిల్ల మాత్రం ఏ అనుమానానికీ తావివ్వదు. దాని మచ్చల పటం తొలిరోజునే చర్మం మీద గీసి ఉంటుంది.

అందరూ పొరబడేది నలుపు, అడవి రంగుల విషయంలో. అడవి రంగు అంటే మూల కుందేలుకు గల గోధుమ కలిసిన బూడిదరంగు. ఈ రంగు పిల్ల వీపు కూడా పుట్టినప్పుడు నల్లగానే ఉంటుంది. దాన్ని వెల్లకిలా తిప్పి చూడాలి. పొట్ట లేతగా, చెవుల లోపలి భాగం తెల్లగా ఉంటే అది అడవి రంగు; పైనా కిందా ఒకే నలుపు అయితే అది నల్ల కుందేలు. వారం రోజులు గడిచి బొచ్చు మొలిచాక ఆ బొచ్చు మీద మెల్లగా ఊదితే సందేహం పూర్తిగా తీరుతుంది. అడవి రంగు వెంట్రుక మొదట బూడిద, నడుమ నారింజ, కొస నలుపుగా పట్టీలు పట్టీలుగా ఉంటుంది. నడుమ నారింజకు బదులు ముత్యపు తెలుపు ఉంటే అది చించిల్లా రంగు.

కళ్ళు 10 నుంచి 12 రోజులలో తెరుచుకుంటాయి. ఆనాటికి గూటిలోని రంగులు దాదాపు అన్నీ స్థిరపడతాయి. అయితే అది బాల్యపు బొచ్చు. అయిదారు నెలల వయస్సులో పెద్దవాటి బొచ్చు వచ్చేదాకా తుది తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది.

అయిదు తాళాలు

ఈ రంగుల వెనుక ఒక క్రమం ఉందని నిరూపించినవారిలో ముందువరుసలో నిలిచినవాడు ఇంగ్లండుకు చెందిన చార్లెస్ హర్‌స్ట్. మెండెల్ సూత్రాలు 1900లో తిరిగి వెలుగు చూసిన కొద్ది సంవత్సరాలకే అతడు అడవి రంగు గల బెల్జియన్ హేర్ కుందేళ్ళను తెల్లని అంగోరా కుందేళ్ళతో కలిపాడు. పేరులో మరో జాతిని తలపించినా బెల్జియన్ హేర్ కూడా పెంపుడు కుందేలే. మొదటి తరం పిల్లలలో తెల్లనిది గానీ పొడవు బొచ్చుది గానీ కనిపించలేదు. ఆ పిల్లలు పెద్దవై తమలో తాము కలిసినప్పుడు అడవి రంగు, తెలుపు, వాటితోపాటు ఎవరూ ఊహించని నలుపు కూడా పుట్టాయి. ఆ నలుపు తెల్ల అంగోరా వెంట రహస్యంగా వచ్చింది. హర్‌స్ట్ ఈ ఫలితాలను 1905లో ప్రకటించాడు. అదే కాలంలో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కాజిల్ కుందేళ్ళ మీద సుదీర్ఘమైన పరిశోధన సాగించి, 1930లో వాటి జన్యుశాస్త్రం మీద ఒక గ్రంథమే వెలువరించాడు.

వారు వేసిన బాట మీద నిలిచిన నేటి అవగాహనను అయిదు తాళాలుగా చెప్పుకోవచ్చు. ఒక్కో తాళానికి ప్రతి కుందేలు వద్ద రెండు చెవులుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, రెండవది తండ్రి ఇచ్చింది. రెండింటిలో బలమైనది బయటికి కనిపిస్తుంది. బలహీనమైనది లోపల దాగి ఉంటుంది. బలహీనమైనవి రెండు కలిసినప్పుడే దాని రంగు వెలుగు చూస్తుంది.

మొదటి తాళం వెంట్రుక మీది పట్టీలకు సంబంధించినది. పట్టీలుంటే అడవి రంగు, లేకుంటే ఒకే రంగు. అడవి రంగు బలమైనది. రెండవ తాళం నలుపా, చాక్లెట్టా అన్నది తేలుస్తుంది, నలుపు బలమైనది. మూడవ తాళం రంగు ఎంతమేరకు వెల్లివిరియాలో నిర్ణయిస్తుంది. దీనికి మెట్లున్నాయి: పై మెట్టున సంపూర్ణమైన రంగు, దిగువన చించిల్లా, ఇంకా దిగువన హిమాలయన్, అట్టడుగున తెలుపు. నాల్గవ తాళం రంగు చిక్కదనాన్ని చూస్తుంది. పలుచన చేసే చెవులు రెండు చేరితే నలుపు నీలంగా, చాక్లెట్ పావురపు బూడిదరంగుగా మారుతుంది. ఈ చివరి రంగునే లిలాక్ అంటారు. అయిదవ తాళం నల్లని వర్ణకం ఒళ్ళంతా వ్యాపించాలా, లేక పసుపు వర్ణానికి చోటివ్వాలా అన్నది తేలుస్తుంది.

ఇప్పుడు మొదట చెప్పిన నల్లని జంట సంగతి చూడవచ్చు. రెండింటి వద్దా నీలం చెవి ఒకటి, చాక్లెట్ చెవి ఒకటి దాగి ఉన్నాయనుకుంటే, 16 పిల్లలకు సగటున 9 నలుపు, 3 నీలం, 3 చాక్లెట్, 1 లిలాక్ పుట్టాలి. పక్కింటి కుందేలు నిర్దోషి అని దీనితో తేలిపోతుంది. అయితే అనుమానానికి పూర్తిగా తావు లేదనడానికీ వీలులేదు. ఒకేరోజున రెండు మగ కుందేళ్ళతో కలిసిన ఆడది ఒకే ఈతలో ఇద్దరి పిల్లలనూ కనగలదు.

హిమాలయన్ రంగు కథ మరింత విచిత్రమైనది. ముక్కు, చెవులు, కాళ్ళు, తోక మాత్రమే నల్లగా ఉండి మిగతా ఒళ్ళంతా తెల్లగా ఉండే కుందేలు ఇది. దీనిలో నలుపును తయారుచేసే పదార్థం వేడికి పనిచేయదు. ఒంటి కొసలు చల్లగా ఉంటాయి కనుక అక్కడే నలుపు పడుతుంది. వీపు మీద బొచ్చు కత్తిరించి, అక్కడ చల్లని మంచు ఉంచితే తిరిగి మొలిచే బొచ్చు నల్లగా వస్తుంది. అందుకే చలి తగిలిన గూటిలో పెరిగిన హిమాలయన్ పిల్లలు ఒంటిమీద బూడిద ఛాయతో కనిపిస్తాయి. తరువాత బొచ్చు రాలి కొత్తది వచ్చినప్పుడు ఆ ఛాయ పోతుంది. ఆ బూడిద ఛాయను చూసి జాతి చెడిందని బాధపడేవారు గూటిలో గడ్డి చాలలేదని గ్రహించడం మేలు.

సున్నం వేసిన గోడ

మన దేశంలో కుందేళ్ళ మీద పరిశోధన చేసే సంస్థలలో రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962లో నెలకొన్న కేంద్రీయ గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ముఖ్యమైనది. దాని శాఖలలో ఒకటి హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ ప్రాంతపు గర్సాలో ఉంది. అక్కడ ఉన్ని కోసం జర్మన్ అంగోరాలను పెంచారు. తమిళనాడులో కొడైకెనాల్ కొండల మీది మన్నవనూర్ శాఖ వైట్ జెయంట్, సోవియట్ చించిల్లా జాతులకు పేరుపడింది. ఈ రెండు జాతులూ రంగుల లెక్కకు చక్కని ఉదాహరణలు.

వైట్ జెయంట్ ఎర్రకళ్ళ తెల్ల కుందేలు. సోవియట్ చించిల్లా ముత్యపు బూడిదరంగుది. శుద్ధమైన చించిల్లాను వైట్ జెయంట్‌తో కలిపితే పిల్లలన్నీ సాధారణంగా బూడిదరంగులోనే పుడతాయి; మూడవ తాళం మెట్లలో చించిల్లా తెలుపుకన్నా పైనున్నది కదా. తెలుపు పోయిందని అనుకోరాదు. ఈ బూడిదరంగు పిల్లలు పెద్దవై తమవంటి వాటితోనే కలిస్తే, సగటున నాలుగింట ఒక పిల్ల మళ్ళీ తెల్లగా పుడుతుంది.

తెలుపును ఒక రంగుగా భావించడమే చాలామంది చేసే పొరపాటు. అది సున్నం వేసిన గోడ వంటిది. సున్నం కింద పూర్వపు రంగు నలుపో, నీలమో, అడవి రంగో ఏదైనా కావచ్చు. అది బయటికి తెలియదు. అందుకే ఒక తెల్ల కుందేలును నల్లదానితో కలిపినప్పుడు నల్లనివి పుట్టవచ్చు, అడవి రంగువి పుట్టవచ్చు. సున్నం కింద ఏముందో పిల్లలే చెప్పాలి. ఎర్రకళ్ళ తెల్ల కుందేళ్ళు రెండు కలిస్తే మాత్రం పిల్లలన్నీ తెలుపే. కానీ ఎర్రకళ్ళ తెల్ల కుందేలును నీలికళ్ళ వియన్నా తెల్ల కుందేలుతో కలిపితే పిల్లలు రంగులతో పుడతాయి. రెండూ తెల్లనివే అయినా ఆ తెలుపులకు కారణాలు వేరు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

నాలుగింట ఒకటి అనే మాటను ఒక్క ఈతకు పెట్టి చూసేవారు నిరాశ చెందుతారు. నీలం చెవి దాచుకున్న రెండు నల్ల కుందేళ్ళకు ఆరు పిల్లలు పుడితే, అందులో ఒక్క నీలం పిల్ల కూడా లేకపోయే అవకాశం నూటికి 18 పాళ్ళు ఉంది. పదహారింట ఒకటిగా రావలసిన లిలాక్ ఆరు పిల్లల ఈతలో కనీసం ఒక్కటైనా కనిపించే అవకాశం నూటికి 32 పాళ్ళు మాత్రమే. లెక్క తప్పు కాదు, ఈత చిన్నది.

దాగిన రంగును బయటపెట్టడానికి పెంపకందారులు అనుసరించే మార్గం ఒకటుంది. నల్ల కుందేలును నీలం కుందేలుతో కలపాలి. ఒక్క నీలం పిల్ల పుట్టినా నల్లదాని గుట్టు బయటపడుతుంది. వరుసగా ఏడు పిల్లలు నల్లగానే పుడితే, దాని లోపల నీలం ఉండి కూడా అలా జరిగే అవకాశం 128లో ఒకటి. అప్పుడు అది శుద్ధమైన నలుపని దాదాపుగా నమ్మవచ్చు.

రంగుల లెక్క వల్ల మరో ఉపకారం కూడా ఉంది. అనుభవం గలవారు రెండు ఆడ కుందేళ్ళను ఒకేరోజున చూలు కట్టిస్తారు. ఒకదానికి పది పిల్లలు, మరొకదానికి మూడు పుడితే మొదటిదాని పిల్లలను కొన్నిటిని రెండవదాని గూటికి మారుస్తారు. ఆడ కుందేలుకు సాధారణంగా ఉండే చన్నులు ఎనిమిది. పదిమందికి అవి చాలవు. ఆ రెండు ఈతల రంగులు వేరువేరుగా ఉంటే ఏ పిల్ల ఎవరిదో పుస్తకం చూడకుండానే తెలుస్తుంది.

మచ్చల వెల

ఇక మొదట ప్రస్తావించిన హద్దు. తెలుపు మీద నల్లని, గోధుమ మచ్చలున్న కుందేళ్ళంటే పిల్లలకు ప్రాణం. బజారులో వాటికే గిరాకీ. ఈ మచ్చలను తెచ్చే చెవి ఒకటి ఉంటే చాలు, మచ్చలు కనిపిస్తాయి. రెండు చేరితే మచ్చలు మరీ తగ్గి, ఒళ్ళు దాదాపు తెల్లబడి, ముక్కు మీద చిన్న మీసంలా రంగు మిగులుతుంది. మూగ చిత్రాల నటుడు చార్లీ చాప్లిన్ మీసాన్ని తలచుకొని పాశ్చాత్య పెంపకందారులు వీటిని చార్లీలు అని పిలుస్తారు.

పేరు నవ్వు పుట్టించేదే గానీ వాటి బ్రతుకు నవ్వులాట కాదు. ఈ చెవి రంగును మాత్రమే శాసించదు. పేగుల కదలికను నడిపే కణాల అభివృద్ధిలో కూడా దానికి పాత్ర ఉంది. రెండు చెవులూ చేరిన కుందేళ్ళలో పెద్దపేగు ఉబ్బి, తిన్నది కదలక నిలిచిపోయే వ్యాధి వస్తుంది. 2014లో వెలువడిన పరిశోధన ఈ సంబంధాన్ని జన్యువు స్థాయిలో వివరించింది. పుట్టినప్పుడు ఆరోగ్యంగా కనిపించిన పిల్ల కొన్ని నెలలకు మేత మాని, పొట్ట ఉబ్బి, కుమిలిపోతుంది. కుందేలుకు పేగు ఆగితే ప్రాణం ఆగినట్టే.

ఎక్కువ మచ్చల పిల్లలు కావాలన్న ఆశతో మచ్చల మగదాన్ని మచ్చల ఆడదానితో కలిపేవారు ఒక్క క్షణం లెక్క వేసి చూడాలి. మచ్చలవి రెండు కలిస్తే సగటున పిల్లలలో సగం మచ్చలవి, పావు వంతు మచ్చలు లేనివి, పావు వంతు చార్లీలు. మచ్చలదాన్ని మచ్చలు లేని ఒకే రంగు కుందేలుతో కలిపితే సగం మచ్చలవి, సగం మచ్చలు లేనివి, చార్లీ ఒక్కటీ ఉండదు. రెండింటా మచ్చల పిల్లలు సగమే! మొదటి పద్ధతిలో అదనంగా దక్కేది ఏమీ లేదు. నాలుగింట ఒక పిల్లకు రోగం మాత్రం దక్కుతుంది. కాగితం మీద రెండు నిమిషాలలో తేలే ఈ లెక్క ఎన్నో ప్రాణులను కాపాడగలదు.

అరచేతిలో ఇమిడే మరుగుజ్జు కుందేళ్ళ విషయంలో ఇంతకన్నా కఠినమైన నియమం ఉంది. మరుగుజ్జుతనం తెచ్చే చెవి ఒకటి ఉంటే ముద్దుగా చిన్నదిగా ఉంటుంది. రెండు చేరిన పిల్ల వేరుశనగ గింజంతగా పుట్టి కొద్దిరోజులలో చనిపోతుంది. దాన్ని బ్రతికించే పాలు గానీ మందు గానీ లేవు. రెండు మరుగుజ్జులను కలిపితే నాలుగింట ఒక పిల్లకు ఈ గతి పడుతుంది. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2017లో గుర్తించారు.

గూడు విడిచాక

పిల్లలు రెండు వారాలు దాటాక గడప దూకి బయటికి వస్తాయి. మూడవ వారంలో తల్లితోపాటు మేత కొరుకుతాయి. ఆ వయస్సులో మెత్తని ఎండుగడ్డి, శుభ్రమైన నీరు ఎల్లవేళలా ఉండాలి. గరిక, మునగాకు, లూసర్న్ వంటి పచ్చిమేతను కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఒక్కసారిగా పచ్చిమేత గుమ్మరిస్తే లేత పేగులు తట్టుకోలేవు. తల్లి గూటిలో విడిచే పెంటికలను పిల్లలు తినడం చూసి అసహ్యపడి గూటిని కడిగేవారున్నారు. జీర్ణానికి అవసరమైన సూక్ష్మజీవులు పిల్లల కడుపులోకి చేరేది ఆ మార్గాన్నే.

పాలు మాన్పించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల వయస్సు తగినది. నాలుగు వారాల పిల్ల చూడటానికి బొమ్మలా ఉంటుంది. సంతలలో, జాతరలలో బుట్టల్లో పెట్టి అమ్మేది ఆ వయస్సువాటినే. కొన్న ఇంట వారం తిరగకుండా అవి విరేచనాలతో చనిపోవడానికి కారణం కొన్నవారి చేతి దోషం కాదు. తల్లిని తొందరగా విడదీయడమే. మూడు నెలలు నిండేలోగా ఆడ, మగ పిల్లలను వేరువేరు బోనులలో ఉంచాలి. అన్నాచెల్లెళ్ళన్న వావివరస కుందేళ్ళకు లేదు.

మైదాన ప్రాంతాలవారు ఎండాకాలాన్ని మరవరాదు. కుందేలు మనిషిలా చెమట పోయలేదు. ఒంటి వేడి చాలావరకు ఆ పొడవాటి చెవుల నుంచే పోవాలి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే అది బాధపడుతుంది. ఇంకా పెరిగితే మగ కుందేలు కొన్ని వారాలపాటు సంతాన శక్తిని కోల్పోతుంది, నిండు చూలాలు ప్రాణాలే కోల్పోవచ్చు. కనుక ఏప్రిల్, మే నెలలలో ఈత వచ్చేటట్టు జంట కలపకపోవడమే వివేకం. బోనుకు నీడ, గాలి, చుట్టూ తడిపిన గోనెసంచులు, ఆనుకొని పడుకోవడానికి నీరు నింపిన మట్టికుండ ఉంటే పెద్ద కుందేళ్ళు వేసవిని గట్టెక్కుతాయి.

అన్నిటికన్నా పెద్ద లెక్క ఒకటి మిగిలి ఉంది. ఏ పిల్లకు ఏ రంగు అని ఊహించేముందు ఏ పిల్లకు ఏ ఇల్లు అని తేల్చుకోవాలి. శ్రద్ధగా చూసుకుంటే కుందేలు ఎనిమిది పదేళ్ళు బ్రతుకుతుంది. ఆరు పిల్లలంటే ఆరు ఇళ్ళు, ఆరు బోనులు, అన్నేళ్ళ మేత. జంట కలపక ముందే ఆ ఇళ్ళ పేర్లు కాగితం మీద రాసుకోగలిగినవారు నిశ్చింతగా రంగుల కోసం ఎదురుచూడవచ్చు. ఆ పేర్లు దొరకనివారు మగదాన్ని వేరే బోనులో ఉంచి, ఉన్న రెండింటి రంగులనే చూసి ఆనందించడం ఆ జీవాలకు చేసే మేలు.